హార్నెట్ వయొలినా, పీటో ఉత్తరాలా: గోడకి ఒక్క అమెరికన్ స్టిల్ లైఫ్ ఎంచుకోవాలంటే

ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్ళు ఇల్లు కొనుక్కున్న ఏడాదికి ఒక ఫోన్ వస్తుంది నాకు. "హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉంది. నువ్వు బొమ్మల గురించి చదువుతుంటావు కదా, ఏది పెట్టమంటావ్?" అని. నేను చెప్పేది ప్రతిసారీ ఒకటే: 1870 నుంచి 1900 మధ్యలో అమెరికా వాళ్ళు వేసిన స్టిల్ లైఫ్ (అంటే కదలని వస్తువుల బొమ్మలు) ఆయిల్ పెయింటింగుల్లో ఒకటి ఎంచుకోండి. ఆ తర్వాత "అందులో ఏది?" అంటారు. అక్కడ మాత్రం ఒకే జవాబు సరిపోదు. అందుకే ఇన్నాళ్ళూ ఫోన్లలో చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఖర్చు సంగతి. అసలు బొమ్మలు మ్యూజియాల్లో ఉన్నాయి కాబట్టి మనం మాట్లాడేది ప్రింట్ల గురించే. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం (ముద్దుగా 'మెట్') తమ దగ్గరున్న ఈ కాలపు బొమ్మల్లో చాలావాటిని పెద్ద సైజు ఫైళ్ళుగా ఉచితంగా ఇస్తున్నాయి. డౌన్‌లోడ్ చేసుకుని, మంచి ప్రింటర్ ఉన్న చోట తీయించుకోవడమే. బొమ్మకి డబ్బు లేదు, కాగితానికీ ఫ్రేముకీ మాత్రమే. కాబట్టి ఏది చౌక అన్న ప్రశ్న లేదు. దేనితో మీరు రోజూ ఉండగలరు అన్నదే ప్రశ్న.

అందరూ మొదట వెళ్ళేది విలియం హార్నెట్ దగ్గరికి. వెళ్ళాలి కూడా. 1848లో ఐర్లండ్‌లో పుట్టి, పసివాడిగా ఫిలడెల్ఫియా వచ్చాడు. వెండి సామాను మీద నగిషీ చెక్కే పనితో బతుకు మొదలుపెట్టాడు. ఆ చెక్కుడు పని చెయ్యి తర్వాత రంగుల్లోనూ కనపడుతుంది: అంచు ఎక్కడా చెదరదు, ఇనుము ఇనుములా, కాగితం కాగితంలా, కర్ర కర్రలా ఉంటుంది. ఇలా నిజం వస్తువే అనిపించి కంటిని మోసం చేసేవాటిని ఫ్రెంచి మాటతో ట్రాంప్ లోయ్ అంటారు. నేను కనికట్టు బొమ్మలు అంటాను.

1886లో అతను వేసిన 'ది ఓల్డ్ వయొలిన్' వాషింగ్టన్‌లో ఉంది. పాత ఆకుపచ్చ చెక్క తలుపు, దానికి తుప్పు పట్టిన పెద్ద బందులు. ఆ తలుపు మీద వయొలిన్, దాని కమాను, వెనక స్వరాలు అచ్చేసిన కాగితాలు. కింద మూల ఒక నీలం కవరు ఉంటుంది, దాని మీద హార్నెట్ తన చిరునామానే రాసుకున్నాడు. ఆ కవరు అంచు కాస్త పైకి లేచి, చెక్క మీద సన్నటి నీడ వేస్తుంది. మా నాన్నగారు మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు ఆ బొమ్మ ముందు నిలబెట్టాను. ఆయన ఏమీ మాట్లాడకుండా ఒక పక్కకి వెళ్ళి, బొమ్మని ఏటవాలుగా చూసి, మళ్ళీ ముందుకొచ్చి, "ఈ కవరొక్కటీ అంటించిందేనా?" అన్నారు. వేసిన ఏడాదే, 1886లో, సిన్సినాటీలో దాన్ని ప్రదర్శనకి పెడితే, జనం గిల్లి చూడకుండా పక్కన పోలీసుని నిలబెట్టాల్సి వచ్చిందట. నూట ముప్పై ఏళ్ళు దాటినా ఆ కవరు పని చేస్తూనే ఉంది.

అయితే ఆ వయొలిన్‌నే ఇంటికి తెచ్చుకోవాలా? నేను తెచ్చుకున్నాను, ఆ అనుభవంతోనే చెబుతున్నాను. మొదటిసారి ప్రింట్ తీయించినప్పుడు దుకాణంవాళ్ళు రెడీమేడ్ ఫ్రేముకి సరిపోయేలా తగ్గించి, అంచులు కాస్త కత్తిరించి, పైన మెరిసే గాజు వేసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి పెడితే బొమ్మ చచ్చిపోయింది. బందులు సగానికి తెగాయి. వయొలిన్ ఆట వస్తువంత అయింది. గాజులో మా ట్యూబ్‌లైటు కనపడుతోంది. అప్పుడు అర్థమైంది: కనికట్టు బొమ్మలో వస్తువు అసలు ఎంత ఉంటుందో అంతే ఉండాలి. హార్నెట్ అందుకే వయొలిన్ నిజంగా ఎంత ఉంటుందో అంతే వేశాడు. అసలు చిత్రం సుమారు 96 సెంటీమీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు. దాన్ని ఒక్క అంగుళం తగ్గించినా కన్ను పసిగట్టేస్తుంది. మామూలు ప్రకృతి దృశ్యాన్ని సగానికి కుదించినా కొండ కొండే. ఇక్కడ అలా కుదరదు.

కాబట్టి హార్నెట్ కావాలంటే షరతులు ఇవి. అసలు సైజులోనే తీయించండి. మెరుపు లేని కాగితం మీదో, కాన్వాస్ మీదో తీయించండి. గాజు వద్దు. బొమ్మలో నీడలు ఎటు పడుతున్నాయో చూసి, మీ గదిలో కిటికీ దానికి ఎదురు వైపు ఉన్న గోడ ఎంచుకోండి. బొమ్మలోని వెలుగూ గదిలోని వెలుగూ ఒకే వైపు నుంచి వస్తే, సాయంత్రం గదిలోకి అడుగుపెట్టిన చుట్టం ఒక్క క్షణం ఆగిపోతాడు. ఈ నాలుగూ కుదరని ఇంట్లో హార్నెట్ వద్దు. వాషింగ్టన్ వెళ్ళినప్పుడు ఆ బొమ్మ ముందు అరగంట నిలబడి రండి. నేషనల్ గ్యాలరీకి టికెట్ లేదు.

హార్నెట్‌లోనే 'ఆఫ్టర్ ది హంట్' మాటేమిటని అడిగేవాళ్ళున్నారు. అతని అన్ని బొమ్మల్లోకీ పేరున్నది అదే. నాలుగుసార్లు వేశాడు. 1885 నాటి చివరిది, అన్నిటికన్నా పెద్దది, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. పారిస్‌లో ప్రదర్శించాక న్యూయార్క్‌లో ఒక బార్ యజమాని కొని తన బార్‌లో వేలాడదీశాడు, దాన్ని చూడటానికే జనం వచ్చేవారు. కానీ ఆరడుగుల ఎత్తున తుపాకీ, బూర, కత్తి, వాటి మధ్య తలకిందులుగా వేలాడే చచ్చిన కుందేలూ పిట్టలూ. మన భోజనాల గదిలో అది కుదరదు, ముఖ్యంగా అమ్మమ్మలూ తాతయ్యలూ ఆరు నెలలు వచ్చి ఉండే ఇళ్ళలో. 1890 నాటి 'ది ఫెయిత్‌ఫుల్ కోల్ట్' కూడా అంతే. పగిలిన దంతపు పిడి ఉన్న పిస్తోలు అద్భుతంగా వేశాడు, పిల్లలున్న ఇంటికి మాత్రం వద్దంటాను.

ఇప్పుడు నా మనసుకి దగ్గరైన మనిషి దగ్గరికి వస్తున్నాను.

జాన్ ఫ్రెడరిక్ పీటో 1854లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. హార్నెట్ వేసినవే వేశాడు: ఉత్తరాలు, పుస్తకాలు, మగ్గు, చుట్ట గొట్టం, వయొలిన్, తుప్పు బందులు. 1889లో న్యూజెర్సీ తీరంలోని ఐలండ్ హైట్స్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడ్డాడు. అక్కడ వేసవిలో జరిగే మెథడిస్టు క్రైస్తవ సభల్లో కార్నెట్ అనే బూర వాయించేవాడు. సెలవులకి వచ్చేవాళ్ళకి బొమ్మలు అమ్ముకునేవాడు. పెద్ద పేరు లేకుండానే 1907లో పోయాడు. ఆ తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. ఎవరో అతని బొమ్మల మీద హార్నెట్ సంతకం దొంగగా పెట్టి అమ్మేశారు. 1939లో న్యూయార్క్‌లో హార్నెట్ ప్రదర్శన పెట్టి, మరిచిపోయిన మహానుభావుడు దొరికాడని లోకమంతా సంబరపడితే, ఆ కొత్త కీర్తిలో కొంత నిజానికి పీటోది.

దాన్ని విడదీసింది ఆల్ఫ్రెడ్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే పత్రికా విమర్శకుడు. 1940లలో అతను ఐలండ్ హైట్స్ వెళ్ళి పీటో కూతురి ఇంట్లో అడుగుపెడితే, 'హార్నెట్ బొమ్మల్లో' చూసిన సామాన్లే అక్కడ కళ్ళెదుట కనపడ్డాయి. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్న, పీటో వేసిన ఉత్తరాల పలక (ఉత్తరాలు దూర్చి పెట్టుకునే చెక్క) బొమ్మ మీద కూడా హార్నెట్ దొంగ సంతకమే ఉండేది. అది 1894 నాటిది. హార్నెట్ పోయిందేమో 1892లో.

ఒకే రకం వస్తువులు వేసిన ఇద్దర్ని ఎలా గుర్తుపట్టాలి? ఇద్దరూ వేసిన మగ్గు, చుట్ట గొట్టం, మడత పెట్టిన పేపరు ఉన్న చిన్న బొమ్మలు రెండు పక్కపక్కన స్క్రీన్ మీద తెరిచి చూడండి. హార్నెట్ మగ్గు మీద వేలితో కొడితే మోగేలా ఉంటుంది. పీటో మగ్గు అంచు గాల్లో కలిసిపోతున్నట్టు మెత్తగా ఉంటుంది. హార్నెట్ వస్తువులు వాడి దాచుకున్నవి, కాస్త పాతబడినా విలువ తగ్గనివి. పీటోవి పారేయబోతూ ఆగిపోయినవి: అట్ట ఊడిన పుస్తకం, చిరిగిన కార్డు. హార్నెట్ కాగితం మీద స్వరాలు చదివి పాడుకోవచ్చు. పీటో కాగితాల మీద రాత దాదాపు మసక, రంగు మాత్రం వెలుగుతుంది. గులాబీ, నారింజ, ఆకుపచ్చ, ఎవరో లోపల దీపం పెట్టినట్టు.

మెట్‌లో ఉన్న అతని 'ఓల్డ్ సువెనీర్స్' చూడండి. చెక్క మీద అడ్డదిడ్డంగా కొట్టిన నాడాలు, వాటిలో దూర్చిన కార్డులూ కవర్లూ, ఒక పేపరు, మధ్యలో ఒక చిన్నపిల్ల ఫొటో. ఆ పిల్ల పీటో కూతురు హెలెన్. మ్యూజియం ఈ బొమ్మకి ఇచ్చిన తేదీ 1881–1901 ప్రాంతం. అంటే ఇరవై ఏళ్ళ పాటు దాన్ని దగ్గర పెట్టుకుని మారుస్తూ వచ్చాడన్నమాట. మొదలుపెట్టేనాటికి ఆ పిల్ల పుట్టనే లేదు. కూతురు పుట్టి కాస్త పెద్దయ్యాక ఆ ఫొటోని ఆ పాత ఉత్తరాల మధ్యలోకి తెచ్చాడు. ఈ సంగతి తెలిశాక ఆ బొమ్మని కేవలం కనికట్టుగా చూడటం నా వల్ల కాలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. మా తాతగారింట్లో గుమ్మం పక్కన ఒక ఇనప తీగ వేలాడుతుండేది. వచ్చిన ప్రతి ఉత్తరం, కరెంటు బిల్లు, పెళ్ళి శుభలేఖ దానికి గుచ్చేవారు. అడుగున ఉన్నవి పసుపు పచ్చబడి పొడిపొడిగా రాలుతుండేవి. మీలో చాలామందికి అలాంటి తీగ గుర్తుండే ఉంటుంది. పీటో చెక్క మీద, కాగితం పీకేసిన చోట, మేకు కింద చిన్న ముక్క మిగిలిపోయి ఉంటుంది చూడండి. ఆ ఉత్తరం ఎవరు రాశారో మనకి తెలీదు, మూల మాత్రం మిగిలింది. ఆ ముక్క ముందు నేను నిలబడ్డంతసేపు ఇంకే బొమ్మ ముందూ నిలబడలేదు.

ఇంటి గోడకైతే నా ఓటు పీటోకే. కారణం ప్రేమ ఒక్కటే కాదు, వాడుకలోనూ అతను నయం. అంచులు మెత్తగా ఉండటం వల్ల ప్రింట్ కాస్త చిన్నదైనా చెడిపోదు. రంగుల బలం వల్ల వెలుతురు తక్కువున్న హాల్లో కూడా కనపడతాడు. హార్నెట్ గోధుమ రంగులు అక్కడ మునిగిపోతాయి. పైగా కనికట్టు మహా అయితే వారం రోజులు పని చేస్తుంది. ఎనిమిదో రోజు నుంచి అది వయొలిన్ కాదని మీ కన్నుకి తెలిసిపోతుంది. ఆ తర్వాత బొమ్మలో ఇంకేం మిగులుతుందన్నదే లెక్క. హార్నెట్‌లో నేర్పు మిగులుతుంది, అది తక్కువదేమీ కాదు. పీటోలో మనిషి మిగులుతాడు.

పిల్లలున్న ఇళ్ళకి నేను చెప్పేది మూడో పేరు, జాన్ హాబెర్లీ. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ వాడు, 1856లో పుట్టాడు. యేల్ యూనివర్సిటీ వాళ్ళ పీబాడీ మ్యూజియంలో శిలాజాల మధ్య పని చేశాడు. అతని ప్రత్యేకత డబ్బు: డాలర్ నోట్లు, చిల్లర, స్టాంపులు. నోట్ల బొమ్మలు అప్పట్లో ప్రమాదం కూడా. 1886లో ప్రభుత్వ ఏజెంట్లు న్యూయార్క్‌లో ఒక బార్‌లో ఉన్న హార్నెట్ నోటు బొమ్మని పట్టుకుపోయి, అతన్ని హెచ్చరించి వదిలేశారు. హార్నెట్ ఇక నోట్లు వేయలేదు. హాబెర్లీ మాత్రం హెచ్చరికలు వచ్చినా వేస్తూనే పోయాడు. 1889లో చికాగోలో అతని 'యు.ఎస్.ఏ.' ప్రదర్శిస్తే, ఇది పెయింటింగ్ కాదు, నిజం నోటు అంటించాడని ఒక పత్రిక రాసింది. హాబెర్లీ రైలెక్కి చికాగో వెళ్ళి, నలుగురి ముందు భూతద్దంతో పరీక్ష చేయించి, రంగు తుడిపించి చూపించి, మాట వెనక్కి తీసుకునేలా చేశాడు.

నేషనల్ గ్యాలరీలో ఉన్న అతని 'ఇమిటేషన్' (1887) పిల్లల గదికి నా మొదటి ఎంపిక. పేరులోనే నకలు అని చెప్పేస్తుంది. 25 సెంటీమీటర్ల ఎత్తు, 36 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే, కాబట్టి అసలు సైజులో తీయించడం తేలిక, ఖర్చూ తక్కువ. అందులో చిరిగిన నోటు, నాణేలు, స్టాంపులు, హాబెర్లీ సొంత ఫొటో ఒకటి. చుట్టూ ఉన్న ఫ్రేము కూడా కొంత రంగుతో వేసిందే. పిల్లలు నోటుని కొలిచి "ఇది పెద్దగా ఉంది, తప్పు" అంటారు, మా చెల్లెలి కొడుకు అన్నాడు. అప్పుడు చెప్పచ్చు: 1929కి ముందు డాలర్ నోటు నిజంగానే ఇప్పటికన్నా పెద్దది. ఒక చిన్న జాగ్రత్త: మెట్‌లో ఉన్న అతని 'ఎ బ్యాచిలర్స్ డ్రాయర్' చూసి ముచ్చటపడి తీయించేస్తారు, అందులో మూల ఒక ఆడమనిషి అర్ధనగ్న ఫొటో కూడా ఉంది. హాలుకి పెట్టేముందు దగ్గరగా చూసుకోండి.

కనికట్టు అసలు వద్దు, ప్రశాంతంగా ఒక పువ్వు చాలు అనేవాళ్ళకి మార్టిన్ జాన్సన్ హీడ్. మిగతావాళ్ళకన్నా పెద్దవాడు, 1819లో పుట్టాడు. బ్రెజిల్ వెళ్ళి హమ్మింగ్‌బర్డ్‌లు వేసిన మనిషి, చివరి ఇరవై ఏళ్ళు ఫ్లోరిడాలోని సెయింట్ ఆగస్టీన్‌లో గడిపాడు. అక్కడ అరవై, డెబ్బై ఏళ్ళ వయసులో వేసిన మాగ్నోలియాలు చూస్తే చాలు: వెల్వెట్ గుడ్డ మీద పడుకోబెట్టిన తెల్లటి పెద్ద పువ్వు, దట్టమైన ఆకులు. ఆకు పైన నిగనిగలాడే పచ్చ, అడుగున తుప్పు రంగు. ఆ ఆకుని తిప్పి చూపించడంలోనే అతని ప్రాణమంతా ఉంది. మాగ్నోలియా మన సంపెంగకి సొంత చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. సింహాచలం సంపెంగలు చూసినవాళ్ళకి ఆ రేకు మందం, ఆ మెత్తటి బరువు ఇట్టే తెలుస్తాయి.

నేషనల్ గ్యాలరీలోని 'జెయింట్ మాగ్నోలియాస్ ఆన్ ఎ బ్లూ వెల్వెట్ క్లాత్' (1890 ప్రాంతం) పడకగదికి బ్రహ్మాండంగా ఉంటుంది. అడ్డంగా ఉన్న బొమ్మ, మంచం పైన గోడకి సరిగ్గా కుదురుతుంది. ఇందులో వస్తువు పరిమాణం విషయంలో మోసం లేదు కాబట్టి కాస్త పెంచినా తగ్గించినా ఫర్వాలేదు, గాజు వేసుకున్నా ఫర్వాలేదు. నీలం మాత్రం సరిగ్గా రావాలి. ఒక చిన్న నమూనా ప్రింట్ తీయించి పగటి వెలుతురులో చూశాకే పెద్దది చెప్పండి. ఇలాంటి హీడ్ మాగ్నోలియా ఒకటి ఇండియానాలో ఒక ఇంట్లో గోడకున్న కన్నం కనపడకుండా వేలాడదీసి ఉండేదని, 1999లో హ్యూస్టన్ మ్యూజియం దాన్ని 12.5 లక్షల డాలర్లకి కొన్నదని మీకు తెలుసా? పాత సామాన్ల అమ్మకాలకి వెళ్ళే మనవాళ్ళు చాలామందే ఉన్నారు, చెబుతున్నాను.

వంటింటి పక్కన భోజనాల బల్ల దగ్గరికైతే చార్లెస్ ఈథన్ పోర్టర్ 'క్రాక్డ్ వాటర్‌మెలన్'. 1890 ప్రాంతంలో వేసింది, మెట్‌లో ఉంది. పోర్టర్ నల్లజాతి చిత్రకారుడు, కనెక్టికట్ మనిషి. 1881లో చదువుకోవడానికి పారిస్ వెళ్తుంటే రచయిత మార్క్ ట్వేన్ పరిచయ లేఖ రాసిచ్చాడు. తిరిగొచ్చాక ఆ నేర్పుకి తగ్గ బతుకు దొరకలేదు. ఆ రోజుల్లో పుచ్చకాయని నల్లవాళ్ళని ఎగతాళి చేసే కార్టూన్లలో పెట్టేవారు. అదే కాయని ఇతను కోయకుండా, పగలగొట్టి, ఎర్రటి గుజ్జు నీరు కారుతుండగా, ఎవరి వెక్కిరింతా అంటనంత గౌరవంగా వేశాడు. మీ పిల్లలు అడిగితే ఈ కథ చెప్పండి.

పళ్ళూ పూలూ పొంగిపొర్లే పెద్ద బొమ్మలు కావాలంటే సెవరిన్ రోజెన్ ఉన్నాడు, కాకపోతే అతను 1870ల మొదటికే ఆగిపోయాడు. నాకైతే రెండు నెలలకి ఆ ద్రాక్షగుత్తులు బరువనిపిస్తాయి. విలియం మెరిట్ చేజ్ వేసిన చేపలు నేర్పులో ఎవరికీ తీసిపోవు. చేపలంటే ఇష్టపడే గోదావరి జిల్లాల ఇళ్ళలో పెట్టుకోవచ్చు, మా ఇంట్లో మాత్రం ఒప్పుకోలేదు.

ఆయిల్ రంగులు నేర్చుకుంటూ ఒకరిని చూసి వేద్దామనుకునేవాళ్ళకి ఒక్క మాట. హార్నెట్‌తో మొదలుపెట్టకండి, మూడో రోజుకే టెన్షన్‌తో బ్రష్ పక్కన పడేస్తారు. పీటో చిన్న బొమ్మల్లో ఒక కొవ్వొత్తి, రెండు పుస్తకాలు ఉన్నదాన్ని తీసుకోండి. అంచు ఎక్కడ వదిలేశాడు, ఎక్కడ పట్టుకున్నాడు, అదొక్కటే గమనిస్తూ వేయండి. అంచులు వదలడం తెలిశాక హీడ్ పువ్వు ఒకటి. హార్నెట్ ఆఖరికి.

చూసిరావాలనుకుంటే, న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఐలండ్ హైట్స్ సుమారు గంట ప్రయాణం. పీటో ఇల్లూ, అతను బొమ్మలు వేసిన గదీ ఇప్పుడు మ్యూజియం. బయల్దేరే ముందు తెరిచి ఉండే రోజులు కనుక్కోండి. మెట్‌కి వెళ్ళేవాళ్ళు 'ఓల్డ్ సువెనీర్స్' ఆ వారం గోడ మీద ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి, బొమ్మల్ని లోపల పెట్టేస్తుంటారు.

మా హాల్లో ఇప్పుడు వేలాడుతున్నది అదే. 68 సెంటీమీటర్లు, 56 సెంటీమీటర్లు, గాజు లేదు, కిటికీకి పక్క గోడ. మా అమ్మ వచ్చినప్పుడల్లా ఆ చిన్నపిల్ల ఫొటో దగ్గర ఆగి, "ఈ పిల్ల ఎవరి పిల్లన్నావ్?" అని అడుగుతుంది. నేను మళ్ళీ మొదటి నుంచి చెబుతాను.